సంగటి కట్టె అప్పీలు

పిల్లప్ప జైల్లో ఉన్నంతకాలం తనకు పరుపు మీద నిద్ర పట్టదని మంత్రి వెంకటగిరియప్పగారు తరగుపేట బహిరంగ సభలో ప్రకటించారు. పరుపు తీసేయిస్తానని మాత్రం అనలేదు. మంత్రులు తొందరపడి మాట ఇవ్వరు.

"ఈ బీదవాడి కోసం నేనే అప్పీలు వేయిస్తా! పెద్ద కోర్టుకు పోతా! అక్కడ న్యాయం జరక్కపోతే లండనుకు పోతా!" అన్నారు మంత్రిగారు.

లండనువాళ్ళను మొన్న ఆగస్టులోనే పంపించేశామని కార్యదర్శి చెవిలో గుర్తు చేశాడు.

"లండనుకు చచ్చినా పోను!" అని మంత్రిగారు అక్కడికక్కడే సవరించుకున్నారు. దీనికి ముందటికన్నా పెద్దగా చప్పట్లు పడ్డాయి.

ముందు వరసలో కూర్చున్న సొన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పిల్లప్ప ఆమె మొగుడు. "ఎంత పెద్ద మనసప్పా ఆయప్పది!" అని పక్కనున్న వాళ్ళందరికీ చెప్పింది. అంత పెద్ద మనసు ఒక పూటంతా రాగి మూటల వెనక దాక్కుందని ఆమెకు తెలుసు. కానీ మంచివాళ్ళ గురించి అన్నీ చెప్పకూడదు కదా.

బెంగుళూరు తరగుపేటలో ధాన్యం మండీల సందులో సొన్నమ్మ సంగటి హోటలు తెలియని హమాలీ లేడు. మొగుడూ పెళ్ళాలది హూడి. బెంగుళూరికి తూర్పున, పొద్దున బండి కడితే మధ్యాహ్నానికి చేరే పల్లె. అక్కడ రెండెకరాల రాగి చేను, సాళ్ళ మధ్య అనుములు. ఆ రాగే ఇక్కడ పిండి, ఆ పిండే ఇక్కడ సంగటి. కట్టె తిప్పేది పిల్లప్ప, ముద్ద చుట్టేది సొన్నమ్మ. ఇరవై ఏండ్లుగా ఇద్దరి మధ్యా వచ్చిన తగాదా ఒకటే, ఉప్పు ఎవరు వేయాలని.

సెప్టెంబరులో సంగతి ఇది. దేశానికంతా స్వాతంత్ర్యం వచ్చింది, మైసూరు సంస్థానానికి రాలేదు. దాన్ని తెప్పించడానికి, అప్పటికింకా మంత్రి కాని వెంకటగిరియప్పగారు ఊరేగింపు తీశారు. అందరికన్నా ముందు ఆయనే నడిచారు. మండీ మలుపులో పోలీసులు లాఠీలు ఎత్తారు. ఊరేగింపు వెనక్కి తిరిగి పరుగెత్తింది. అప్పుడు కూడా అందరికన్నా ముందు ఆయనే ఉన్నారు. నాయకత్వమంటే అదీ.

ఆ ఊపున ఆయన సొన్నమ్మ హోటలు వంటింట్లోకి వచ్చి, రాగి మూటల వెనక కూర్చున్నారు. పిల్లప్ప ఒక్క మాట అడగలేదు. అడిగే తీరిక కూడా లేదు. కుండ దించి రెండు పాదాల మధ్య బిగించి, సంగటి కెలుకుతున్నాడు. సంగటి కెలికేవాడు మధ్యలో ఆపకూడదు. ఆపితే ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన సంగటి హమాలీల ముందు పెడితే విప్లవం వస్తుంది, దానికి ఏ సంఘమూ ఏ జెండా అక్కరలేదు.

అప్పుడే కానిస్టేబులు మునినారాయణప్ప లోపలికి దూకాడు. "ఏమప్పా, తెల్ల టోపీ పెట్టుకున్నోడు ఒగడు ఇట్ల వచ్చినాడా?"

"అదో, ఆ పక్క పోయినాడు సామీ" అని పిల్లప్ప కూర్చున్నచోటి నుంచే చేతిలోని కట్టె ఎత్తి పెరటి వాకిలి చూపించాడు.

కట్టె కొసన ఉన్న సంగటి లేచి వెళ్ళి కానిస్టేబులు ఎడమ చేతి మీద పడింది. సంగటి ఎక్కడ పడితే అక్కడే అంటుకునే రకం. కానిస్టేబులు పెట్టిన కేక చిక్కపేట దాకా వినిపించిందని చెప్పుకున్నారు. సొన్నమ్మ పరుగున వచ్చి చెయ్యి తుడిచి, వెన్న పూసి, ఊది, "అయ్యో నాయనా, ఎంత బొబ్బ లేచింది!" అని మొగుణ్ణి నాలుగు తిట్టింది. మునినారాయణప్ప వెన్న పూయించుకుని, కుడి చేత్తో రెండు ముద్దలు తిని, పిల్లప్పను పట్టుకుని వెళ్ళాడు. చీకటి పడ్డాక వెంకటగిరియప్పగారు కూడా మూటల వెనక నుంచి వచ్చి రెండు ముద్దలు తిన్నారు. ఉప్పు తక్కువైందన్నారు.

మర్నాడు ఆయన సంఘం కరపత్రం పంచింది. "మాది అహింసా మార్గం. కట్టెలు పట్టుకునేవాళ్ళతో మాకు ఏ సంబంధమూ లేదు."

మెజిస్ట్రేటుగారు బాగా చదువుకున్న మనిషి. పోలీసుకు గాయం చేసినందుకు మొదట రెండు నెలలు చాలనుకున్నారు. తర్వాత పుస్తకం తిరగేస్తే, కాలే పదార్థంతో గాయం చేస్తే ఆయుధం వాడినట్టే లెక్క అని కనిపించింది. దాంతో సంగటి ఆయుధమైంది, రెండు నెలలు తొమ్మిది నెలలయ్యాయి. "ఆయుధం యాడుంది సామీ, అది మధ్యాహ్నం తినే ఊట కదా" అన్నాడు పిల్లప్ప. తీర్పు అప్పటికే చదివేశారు కాబట్టి ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

నెల తిరగకుండా మహారాజావారు ఒప్పుకున్నారు, ప్రజల ప్రభుత్వం వచ్చింది, వెంకటగిరియప్పగారికి పోలీసు శాఖ, జైళ్ళ శాఖ, ఆహార శాఖ వచ్చాయి. పట్టుకునేదీ ఆయనే, పెట్టేదీ ఆయనే. కుర్చీలో కూర్చోగానే ఆయన చేసిన మొదటి సంతకం, పోరాటంలో జైలుకు వెళ్ళిన వారందరినీ విడుదల చేయమని. అయితే అహింసావాది కదా, కింద ఒక వాక్యం కలిపారు. ఆయుధం వాడినవాళ్ళు తప్ప.

ఆ రోజు సొన్నమ్మ ఉతికిన పంచె, ఒక టెంకాయ పట్టుకుని జైలు గేటు ముందు నిలబడింది. లోపలి నుంచి గుంపులు గుంపులుగా వచ్చారు, దండలు వేయించుకున్నారు, జైకొట్టారు. గేటు మూసేశారు. ఆమె ఇంకా నిలబడే ఉంది. "మా ఆయన రాలేదేమప్పా?" అని కాపలావాణ్ణి అడిగింది. "పోరాటం చేసినోళ్ళంతా అయిపోయిరి కదమ్మా. ఇంక ఉండేదంతా నేరం చేసినోళ్ళే" అన్నాడు వాడు. ఆ టెంకాయ కొట్టబుద్ధి కాక ఇంటికి తెచ్చి ఉట్టి మీద పెట్టింది.

మర్నాడే మంత్రిగారి బంగళాకు పోయింది.

"అప్పా, ఆ కాగితం మీద నువ్వే కదా చేవ్రాలు పెట్టింది. ఇంకొక గీత గీసి మావోణ్ణి వదిలేస్తే సాలు కదా. చేను పండతా ఉండాది. రాగి కోసేదానికి మొగదిక్కు లేదు. కంకి ఎండితే రాలిపోతాది నాయనా."

మంత్రిగారు చలించిపోయారు. లేచి నిలబడ్డారు. కిటికీలోంచి బయటికి చూశారు. "సొన్నమ్మా! మనిషి వెంకటగిరియప్ప వేరు, మంత్రి వెంకటగిరియప్ప వేరు. మనిషి మొన్న రాత్రంతా ఏడ్చాడు. మంత్రి నిన్న పొద్దున సంతకం పెట్టాడు."

"ఆ మనిషితో ఒక మాట చెప్పు సామీ."

"ఆ మనిషే నీ కోసం అప్పీలు వేయిస్తాడు" అన్నారు మంత్రిగారు. తరగుపేట సభ ఆ విధంగా జరిగింది.

అప్పీలు వేయించింది మంత్రిగారు. అప్పీలు ఎవరి మీద అంటే సర్కారు మీద. సర్కారు అంటే మంత్రిగారు. సర్కారు వకీలు వచ్చి, కొంచెం మెత్తగా వాదించమంటారా అని అడిగితే మంత్రిగారికి కోపం వచ్చింది. "న్యాయానికి నేను అడ్డం రావాలా? ప్రాణం పెట్టి వాదించు!" అన్నారు. పిల్లప్ప తరపున పెట్టిన లాయరు సుబ్బరాయుడుగారిని పిలిచి, "మీరూ ప్రాణం పెట్టి వాదించండి" అన్నారు. ఇంత నిష్పక్షపాతం మన ప్రాంతంలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

సుబ్బరాయుడుగారు హోటలుకు వచ్చి, పీట మీద కూర్చుని, ముద్ద తింటూ కేసు విప్పి చెప్పారు.

"చూడమ్మా, కట్టె సంగతి నేను చూసుకుంటా. కట్టె పోలీసుకు తగలనే లేదు. తగిలింది సంగటి. సంగటి కాలితే ఆయుధం, కాలకపోతే ఆహారం. అది చల్లగా ఉండిందని తేలిందనుకో, ఆయుధం పోతుంది, పెంచిన శిక్ష పోతుంది. మిగిలేది రెండు నెలలు. అవి ఎప్పుడో గడిచిపోయాయి. ఆ సాయంత్రమే మీ ఆయన హూడి బండి ఎక్కుతాడు. జడ్జీగారు ప్రత్యేకంగా ఒక్క సాక్షిని వింటానన్నారు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు, చల్లగా ఉండిందని."

సొన్నమ్మ ముఖం మాడిపోయింది. "చల్ల సంగటా? నా హోటల్లోనా?"

"పిల్లప్ప రావాలా వద్దా?"

"రావాల."

"అయితే చెప్పు."

"చల్ల..." అంది సొన్నమ్మ. మిగతాది గొంతులోంచి రాలేదు.

లాయరుగారు ముద్ద చేతిలో పట్టుకుని చూపించారు. "దీన్ని నములుతామా? నమలం. సాంబారులో ముంచి మింగేస్తాం. ఈ మాట కూడా అంతే. నమలకుండా మింగెయ్యి."

వారం రోజులు సొన్నమ్మ పిండి జల్లిస్తూ, గిన్నెలు తోముతూ ఆ మాటే మింగుతూ కూర్చుంది. వంటింటి గోడకు చెప్పింది. ఉట్టి మీద టెంకాయకు చెప్పింది. చెప్పినప్పుడల్లా నోరు కడుక్కుంది. మధ్యలో హూడి నుంచి బండివాడు కబురు తెచ్చాడు. చేను ఎర్రబడింది, చిలకలు దిగుతున్నాయి, ఇంకో పది పదిహేను రోజులకు మించి ఆగదని. అప్పటి నుంచి మాట కొంచెం సులువుగా దిగసాగింది.

విచారణ రోజున తరగుపేట హమాలీలంతా మూటలు దించేసి పెద్ద కోర్టుకు వచ్చారు. వాళ్ళ వెనక కదిరమ్మ కూడా వచ్చింది. కదిరమ్మది సొన్నమ్మ హోటలుకు ఎదురు హోటలు. ఆమె సానుభూతితో వచ్చానని అందరికీ చెప్పింది. జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది.

సుబ్బరాయుడుగారు అడిగారు. "ఆ రోజు సంగటి ఎలా ఉంది?"

సొన్నమ్మ కళ్ళు మూసుకుంది. "చల్లగా ఉండింది సామీ."

మింగేసింది. సుబ్బరాయుడుగారు గెలిచినట్టే కూర్చున్నారు.

సర్కారు వకీలు లేచాడు. ఆయనా వారానికి రెండుసార్లు ఆమె హోటల్లో తినేవాడే. చాలా మర్యాదగా అడిగాడు. "చల్లగా అంటే, అమ్మా, పొద్దున వండిందా? నిన్నటిదా?"

"అప్పుడే కెలకతా ఉండిన్యాడు సామీ."

"అప్పుడే కెలికేది చల్లగా ఎట్లుంటుంది? అంటే, రాత్రి మిగిలిందాన్ని కొత్తదానిలో కలిపి కెలుకుతారన్నమాట."

వెనక నుంచి ఒక హమాలీ గుండె బాదుకున్నాడు. "ఓయమ్మా! ఇన్నేండ్లూ మాకు పెట్టిందంతా చద్దేనా?"

"మాట్లాడకండి" అన్నారు జడ్జీగారు.

సొన్నమ్మ పెదవి కొరుక్కుంది. పిల్లప్పను చూసింది. బోనులో గడ్డం పెరిగి, చిక్కి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చేయి తిప్పుతూ సైగ చేశాడు, చేను ఎట్లుందని. చెప్పు, ఇంకొక్కసారి చల్లగా ఉండిందని చెప్పు, అయిపోతుంది అని ఆమె తనకు తాను చెప్పుకుంది. అంతలో కళ్ళు కదిరమ్మ మీద పడ్డాయి. కదిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వి, పక్క హమాలీ చెవిలో ఏమో చెబుతోంది. వాడు తల ఊపుతున్నాడు!

ఇంకెక్కడి సొన్నమ్మ!

"ఎవురన్నారు చల్లగా ఉండిందని? వాని నాలిక కాల! నా సంగటా చల్లగా ఉండేది? పొగలు కక్కతా ఉండింది! ఏనుగు మీద పడినా బొబ్బ లేస్తాది! ఆ పోలీసాయప్ప చెయ్యి చూడండి, ఇంకా మచ్చ పోలేదు! ఈ బెంగుళూరులో నాకంటే వేడిగా సంగటి పెట్టే ఆడది ఉంటే ముందుకు రమ్మనండి!"

హమాలీలు చప్పట్లు కొట్టారు. కదిరమ్మ నవ్వు ఆగిపోయింది. సొన్నమ్మ గెలిచిన ముఖంతో చుట్టూ చూసింది. అప్పుడు బోనులో మొగుడు కనిపించాడు. ఆయనా చప్పట్లు కొడుతున్నాడు. ఇరవై ఏండ్ల పేరు నిలబడింది కదా! రెండు చప్పట్లు కొట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

ఆమె అక్కడే కూలబడింది. "అయ్యో, నా నోరు పడ! నా నోరు పడ!" అని తలబాదుకుంది. జడ్జీగారు తీర్పులో సంగటి ఆయుధమన్నది నిజమేనని, అది కాలుతుందని స్వయంగా వండినవారే గర్వంగా ఒప్పుకున్నారని, కాబట్టి పెంచిన శిక్ష పెంచినట్టే ఉంటుందని రాశారు. కింది కోర్టు లెక్క కట్టిన దానికన్నా ఆ సంగటి వేడిగానే ఉండి ఉంటుందని కూడా ఒక మాట కలిపారు.

మంత్రిగారు తీర్పు విని సర్కారు వకీలుకు దండ పంపారు, గెలిచినందుకు. సుబ్బరాయుడుగారికి కూడా దండ పంపారు, పోరాడినందుకు. పత్రికలవాళ్ళతో మాట్లాడుతూ, "ఈ కేసులో నేను ఓడిపోయాను, నా ప్రభుత్వం గెలిచింది. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నారు.

అప్పుడు ఊళ్ళో బియ్యానికి కరువు. రేషను కొట్ల ముందు జనం తెల్లవారుజాము నుంచి నిలబడుతున్నారు. ఆహార శాఖ మంత్రి హోదాలో వెంకటగిరియప్పగారు "సంగటి వారోత్సవం" ప్రకటించారు. రాగి తిందాం, దేశాన్ని నిలబెడదాం. ప్రారంభోత్సవంలో సంగటి చేయడానికి సొన్నమ్మను పిలిపించారు. సంస్థానంలో అన్నిటికన్నా వేడి సంగటి ఆమెదేనని పెద్ద కోర్టు తేల్చింది కదా, ఇంకెవర్ని పిలుస్తారు?

సొన్నమ్మ రానంది. కార్యదర్శి వచ్చి, "ఆ రోజు మీ ఆయన విషయం మంత్రిగారు సభలోనే తేలుస్తారంట" అన్నాడు. చేనుకు ఇంకో నాలుగైదు రోజుల గడువే ఉంది. వచ్చింది.

మైదానంలో గుడారం వేశారు. కోర్టు సామాన్ల గదిలో ఉన్న పాత సంగటి కట్టెను మంత్రిగారు ప్రత్యేకంగా తెప్పించారు. కట్టెకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు చుట్టారు. మొగుడి చేతి కట్టె చూడగానే సొన్నమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పూలు తీసి పక్కన పెట్టి, కుండ పాదాల మధ్య బిగించి, తనే కెలికింది. పొగలు లేచాయి.

మంత్రిగారి వెనక తుపాకి పట్టుకుని కాపలా నిలబడింది మునినారాయణప్ప. గాయపడ్డ వీరుడని హోదా పెంచి దఫేదారును చేశారు. ఎడమ చేతి మీద మచ్చ రూపాయి బిళ్ళంత ఉంది.

మంత్రిగారు మైకు ముందు నిలబడ్డారు. "ఈ కట్టె మామూలు కట్టె కాదు! మన పోరాటంలో నాకు అండగా నిలిచిన కట్టె! సొన్నమ్మ భర్తను నేను మరిచిపోలేదు. ఈ సభలో ప్రకటిస్తున్నా, పిల్లప్ప కోసం మళ్ళీ అప్పీలు వేయిస్తా!"

చప్పట్లు మారుమోగాయి. సొన్నమ్మ చేతులు కట్టె మీదే ఆగిపోయాయి. ఇరవై ఏండ్లలో మొదటిసారి ఆమె సంగటి ఉండ కట్టింది.

"ఫోటో, ఫోటో!" అన్నారు పత్రికలవాళ్ళు.

"ఆ కట్టె ఇట్లియ్యమ్మా" అని మంత్రిగారు కుండలోంచి కట్టె లాగి పట్టుకున్నారు. "ఎట్ల నిలబడమంటారు?"

"దారి చూపిస్తున్నట్టు, సార్!"

మంత్రిగారు కట్టె ఎత్తి ప్రజలకు దారి చూపించారు.

కట్టె కొసన ఉన్న సంగటి లేచి వెళ్ళి దఫేదారు మునినారాయణప్ప కుడి చేతి మీద పడింది.

పత్రికలవాళ్ళు కెమెరాలు దించారు. మంత్రిగారి ముఖం పాలిపోయింది. కట్టె వైపు ఒకసారి, పోలీసు వైపు ఒకసారి చూసి, "కాలిందా?" అన్నారు సన్నగా.

దఫేదారు కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. దవడ బిగుసుకుంది. చెయ్యి విదల్చలేదు. మడమలు కొట్టి నిటారుగా నిలబడ్డాడు.

"లేదు సార్. చల్లగా ఉండాది సార్."

"చల్లగా ఉంది!" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. జనం జైకొట్టారు. తన సంగటిని చల్లగా ఉందన్నవాణ్ణి సొన్నమ్మ బతికినన్నాళ్ళూ వదిలిపెట్టింది లేదు. ఆ పూట మాత్రం నోరెత్తలేదు. వంగి కుండ తుడవడం మొదలుపెట్టింది.

సభ అయిపోయాక, కార్లు కదిలాక, దఫేదారు గుడారం వెనక నుంచి మెల్లగా వచ్చాడు. కుడి చెయ్యి ఎడమ చంకలో దాచుకున్నాడు. అటూ ఇటూ చూశాడు.

"అక్కా, రవ్వంత వెన్న ఉంటే పెట్టు."

సొన్నమ్మ ఆ చెయ్యి బయటికి లాగి చూసింది. బొబ్బ లేచి నీరు పట్టింది.

"చల్ల సంగటికి వెన్నెందుకప్పా?"

దఫేదారు తల దించుకున్నాడు. చెయ్యి మాత్రం చాపినచోటే ఉంచాడు. ఆమె ముంతలోంచి వెన్న తీసి పూసింది, ఊదింది. తర్వాత రాగి కోసే కొడవలి మూటలో పెట్టుకుని, కేకలేస్తున్న హూడి బండివాడి వైపు నడిచింది.